వంపు కొలత

పర్లాకిమిడి దాటాక, చిన్నబండి పట్టా సన్నగా సాగే చోట
సెటిల్మెంటు వాళ్ళ గొలుసు మోసేవాణ్ణి నేను.
అరవై ఆరు అడుగుల ఇనప గొలుసు,
పది బాణాలు, ఎర్రగుడ్డ కట్టిన వెదురుకర్ర.
తిన్నగా పోవడం తప్ప గొలుసుకి ఇంకేమీ తెలీదు.

ఆ ఊళ్ళో మాత్రం ఏ గోడా తిన్నగా లేదు.
వీధి వంగింది, వీధిని చూసి కాలవ వంగింది,
జీడితోట కంచె కొడవలిలా తిరిగింది.
గవరయ్య కొట్టు వెనకగదిలో ఏ గోడకీ మంచం ఆనదు.
అమీను పాణిగ్రాహి కళ్ళద్దాలు తుడుచుకుని
పాత ఖతియాన్‌లో వేలు పెట్టి చదివాడు:
'ఘొడాదౌడ పడియా.'
మనవాళ్ళు గుర్రాల బయలంటారు.
బయలు లేదు. గుర్రాలు అసలే లేవు.
ఒక ముసలాడున్నాడు, దండాసి,
మోకాళ్ళు ఇప్పటికీ దేన్నో కరుచుకున్నట్టు నడుస్తాడు.

అడక్కుండానే చెప్పాడు, గొలుసు వెంట నడుస్తూ.
ఎస్టేటు దొరగారికి మద్రాసు నుంచి గుర్రాలు దిగేవట,
నౌపడా దాకా పెద్దబండి, అక్కణ్ణించి చిన్నబండి.
తూకానికి సరిపోయే కుర్రాళ్ళు కావాలి.
కర్రల అడితిలో తాసు మీద కూర్చోబెట్టేవారు,
ముప్పై వీశెలు దాటినవాడికి రాత్రి కూడు లేదు.
"నాకు పద్నాలుగేళ్ళు బాబూ.
చోడి అంబలి వాసనకే ఏడుపొచ్చీది.
గుర్రానికి మాత్రం ఉలవలు, బెల్లం.
దాని పేరు కెంపు. దాని దాణాలోంచి
గుప్పెడు నొక్కీసీవోణ్ణి.
అది చూసీది. ఎవరికీ చెప్పీది కాదు."

ముప్ఫయ్యారులో ఎవరో గీత గీశారు,
మైదానం నడుమనుంచి.
పరుగు మద్రాసులో మొదలై ఒడిశాలో అయ్యేది.
కాసిన రూపాయి ఒక సర్కారుది,
గెలిచిన రూపాయి ఇంకో సర్కారుది.
ఇద్దరు గుమస్తాలు రెండు గొడుగుల కింద కూర్చుని
ఒకే పన్ను రెండుసార్లు అడిగారు.
రెండేళ్ళు కాగితాలు పరిగెత్తాయి.
గుర్రాలు నిలబడిపోయాయి.

కెంపుని టెక్కలి జట్కావాడు కొనుక్కున్నాడు.
సంతరోజు ఈ దారిన వస్తే
వంపు దగ్గర చెవులు వెనక్కి పెట్టి లగెత్తేదట,
బియ్యం బస్తా, పురిటికి పోతున్న పిల్ల,
ఎవరిదో హార్మోనియం పెట్టె, అన్నిటితో.
జట్కావాడు దాని తల్లినీ తాతనీ తిట్టేవాడు.
దండాసి అదే వంపులో గడ్డి కోస్తూ
కొడవలి ఆపేవాడు. అంతే.

"ఎంతుందో చూడరా ఓపాలి," అన్నాడు సాయంత్రం.
"మైలు. ఎనిమిది ఫర్లాంగులు.
దొరగారు అచ్చుకాగితం మీదేయించారు."
అమీను టీకి పోయాడు.
చుట్టులో సగం ఆంధ్రాలో ఉంది,
అక్కడ గొలుసు వెయ్యడానికి మాకు హుకుం లేదు.
వేశాం.
సుకురు ముందు, నేను వెనక,
గచ్చపొద లోంచి, ఎవరిదో వంటింటి చూరు కిందనుంచి,
పెసరచేను గట్టుమీంచి, సరిహద్దు రాయి దాటి,
వంపు కదా, ముక్కలు ముక్కలుగా.
మైలంటే ఎనభై గొలుసులు.
డెబ్బై నాలుగు వచ్చాయి, ముప్పై లింకులు పైన.

బాణాలు మళ్ళీ లెక్కపెట్టాను.
చెప్పాలా వద్దా అని గొలుసు మడతపెడుతూ నిలబడ్డాను.
చీకట్లో బీడీ నిప్పు ఒకటే కదిలింది.

"తక్కువొచ్చిందేటి?"
"ఆరు గొలుసులకి కాస్త లోటు."

కాసేపు ఏమీ లేదు. కప్పలు.
తర్వాత నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
"అయితే కెంపు అంత బేగి పరిగెత్తలేదన్నమాట."
బీడీ నేలకి రాశాడు.
"పోన్లే. దాని ఉలవలు నేను తినీసేను కదా."