గొళ్ళెం

తెల్లవారుజామున నాలుక్కి
లైటు వెయ్యకుండానే నీలావతి
బిడ్డ కింద దుప్పటిని అరచేత్తో తడిమి చూస్తుంది.
ఆ చెయ్యి ఆగిన తీరును బట్టే
గోడ పక్కన పండుకున్న నాకు తెలిసిపోతుంది.

కొంగారెడ్డిపల్లెలో మిద్దెలు ఒకదాన్నొకటి ఆనుకోనుంటాయి.
మా తీగ మీద రోజూ ఆరే బొంత
నాలుగిండ్లకు వార్త.
నువ్వులూ బెల్లం పెట్టమంది ఒకామె.
వాత పెడితే కుదురుతుందంది ఇంకొకామె.
నేనేమీ అనలేదు.
పదకొండేండ్ల దాకా నేనూ తడిపినవాణ్ణే.
తడిసిన చాప నెత్తిన పెట్టి
పలమనేరు సంత వీధిలో నిలబెట్టినాడు మా నాయన.
ఆ చాప బరువు ఇప్పటికీ మెడలోనే ఉండాది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
చీటీ వెనకాల రెండు సంచులు గీసింది, ముందొకటి, వెనకొకటి.
"వెనక సంచి గట్టిపడి ముందుదాన్ని నొక్కతా ఉంది.
పాప తప్పు కాదు, సోమరితనమూ కాదు.
దొడ్డికి ఎన్నాళ్ళకొకసారి పోతావమ్మా?"
చేతన నాలుగు వేళ్ళు చూపించింది.
"బళ్ళో ఎందుకు పోవు?"
గౌను అంచు నలిపింది. చాలాసేపటికి
వాళ్ళమ్మ చెవిలో కాదు, నా చెవిలో చెప్పింది:
"తలుపుకు గొళ్ళెం లేదు నాయనా.
మగపిల్లోళ్ళు తోస్తారు."

ఇరవై ఏండ్లుగా వెల్డింగు చేస్తా ఉండా నేను.
నగలంగడి షట్టరు, చింతపండు గోడౌను గ్రిల్లు,
ఎవురెవురి మామిడితోటలకో గేట్లు.
నా బిడ్డ పొద్దస్తమానం బిగబట్టింది
జానెడు ఇనుము లేక.

శనివారం మధ్యాహ్నం డ్రిల్లు మిషను సంచిలో వేసుకోని పోయినా.
ప్రపోజలు పంపినామన్నాడు హెడ్మాస్టరు.
"మీరు పంపతా ఉండండి సార్" అని
చేతనను తలుపు పక్కన నిలబెట్టి
దాని భుజం ఎత్తున సుద్దముక్కతో గీత గీసినా.
గొళ్ళెం అక్కడ.
పదిసార్లు వేసింది, పదిసార్లు తీసింది.
పదకొండోసారి లోపలికి పోయి వేసుకుంది.
బయట నేను.
మగ్గుతో నీళ్ళు పోసిన చప్పుడు దాకా కదల్లేదు.

అంతటితో అయిపోలేదు.
రాత్రి పాలలో మందు, అన్నం తిన్నాక
కాళ్ళ కింద పీట పెట్టుకోని పది నిమిషాలు,
ఒక వారమంతా పొడి, మళ్ళీ రెండు రాత్రులు తడి.
మొన్న తెల్లారి, బొంత చెరొక కొస పట్టుకోని పిండతా
నా కథ చెప్పినా, చాప సంగతితో సహా.
నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.
"మరి నీకెవురు పెట్టినారు నాయనా, గొళ్ళెం?"

"గట్టిగా పట్టుకో" అన్నా,
"నీళ్ళు ఇంకా కారతా ఉండాయి."