గంటకు నాలుగు సిరంజీలు

కైనూ అడవిలో సెప్టెంబరు.
ఇర్మెలి నాచు మీద మోకాళ్లూని
నేలలో దిగేసిన ఉక్కు చట్రం మీద
డబ్బా బోర్లించింది, అన్నంగిన్నె మీద మూతలా.
మొదటి సిరంజీ.

లోపల చిక్కింది డబ్బాడు గాలి.
అందులో మీథేన్
పది లక్షల పాళ్లలో రెండైనా నిండదు.
ఆ కాస్త కోసమే
పైన్ వేళ్ల సందుల్లో, బూడిదరంగు ఇసుకలో
కంటికానని నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

ఇరవై నిమిషాలు. రెండోది.
లింగన్‌బెర్రీలు నాలుగు నోట్లో వేసుకుంది. పులుపు.
నలభై. అరవై.
వానపడ్డ వారం అయితే రావడమే దండగ,
జలుబు చేసిన ముక్కులా
నేల రంధ్రాలన్నీ నీళ్లతో బిగుసుకుపోతాయి.

మధ్యాహ్నం కంచె దాటి
తండ్రి తౌనో ఓట్లు పండించిన చేలో పెట్టింది డబ్బా.
అడవి కొట్టి, రాళ్లేరి,
బస్తాలకొద్దీ నత్రజని చల్లి
ముప్పై ఏళ్లు దున్నాడు.
ఆయన పోయి ఇరవై రెండేళ్లు.
బర్చ్ చెట్లు తలకు మించి లేచాయి.
పైకి చూస్తే అదీ అడవే.

రాత్రి యంత్రం గీతలు గీసింది.
అడవి గీత కిందికి జారింది.
చేను గీత చాపలా పడుకుంది.

నోటుబుక్కులో సున్నా వేసి
పక్కన పెన్సిల్‌తో "నాన్న" అని రాసింది.
చెరిపేసింది,
అది కొలత కాదు గనక.

తెల్లారి మళ్లీ వెళ్లినప్పుడు
డబ్బా పెట్టేముందు
గ్లవ్ తీసి అరచెయ్యి ఆనించింది,
జ్వరం తగ్గినా
అన్నం అడగని పిల్ల పొట్ట మీద ఆనించినట్టు.