చెవి వెనక చుక్క

మొదట మణికట్టు దగ్గర ఎర్రబడింది.
గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి దిగిన మూడో రోజు
ముచ్చికలు కోసే కత్తి నా చేతికిచ్చినారు.
ముచ్చిక తెగితే చిమ్ముతుంది చూడు, సొన,
కన్నీళ్ళంత తేటగా,
ఆసిడ్ బుద్ధితో.

చెమట తుడుచుకున్న చెయ్యే
ముఖానికి దారి చూపించింది.
సాయంత్రం కట్టమంచిలో బస్సు దిగేసరికి
నా బుగ్గల మీద ఎవరో చలిమంట వేసుకుని కూర్చున్నారు.

ఇంగ వైద్యాలు.
రెడ్డెమ్మక్క వేపాకు నూరి తెచ్చింది.
మా అత్త పసుపు.
పక్కింటి ధనకోటి నిమ్మరసం,
"మండితేనే పని చేస్తున్నట్టు మే" అని ధైర్యం.
టీవీలో తెల్లగా నవ్విన పిల్ల చెప్పిన క్రీముకు
వారం కూలిలో రెండొందలు.
సున్నిపిండితో రుద్దినాను,
పాత ఇత్తడి చెంబును చింతపండుతో తోమినట్టు
నన్ను నేను తోముకున్నాను.
చెంబయితే మెరిసేది.
నేను పొలుసులు రాలినాను.

పెద్దాసుపత్రిలో నా చీటీ ఎనభై ఏడు.
డాక్టరమ్మ ముట్టుకోకుండానే చాలాసేపు చూసింది.
అంత మర్యాదగా నా ముఖాన్ని ఎవరూ చూసి ఉండరు,
నేనైనా.
"ఏమేం పూస్తున్నావు?"
లెక్క చెప్పేదానికి వేళ్ళు చాలలేదు.
ఆమె రాసింది తక్కువ, కొట్టేసింది ఎక్కువ.
"జ్వరం తగిలిన బిడ్డను
ఏమీ అడక్కుండా పడుకోబెడతావే,
పదిహేను రోజులు దాన్ని అట్ల వదిలెయ్."

ఇప్పుడు నా పొద్దు ఇట్ల తెల్లారుతుంది:
నీళ్ళు, కాగినవి కాదు, కుండలోవీ కాదు,
మోచేతి మీద పోసుకుంటే
ఉన్నట్టే తెలియనివి.
పసిబిడ్డలకు పోసేటప్పుడు మా అమ్మ అట్లే చూసేది.
వాసన లేని సబ్బు, అదీ రాత్రికి ఒక్కసారే.
మా ఆయన పాత పంచె చింపిన మెత్తటి గుడ్డ.
రుద్దడం లేదు, అద్దడం.
ఈ రెండు మాటలకూ ఇంత దూరమని
ముప్పై నాలుగేళ్ళకు తెలిసింది.
తడి పూర్తిగా ఆరకముందే తెల్లటి క్రీము,
నుదుటికి శనగగింజంత, బుగ్గకొకటి, గడ్డానికొకటి.
ఎండలో కొంగు.

"ఇంతేనా?" అంటుంది అత్త,
పసుపు డబ్బా వైపు చూస్తూ.
ఇంతే.

కొత్తదేదైనా కొంటే
ముందు చెవి వెనక ఒక చుక్క పెట్టమని
మందుల షాపు ఫిరోజా నేర్పింది.
మూడు రోజులు ఆగు.
దురద లేస్తే అక్కడితో సరి,
ఎవరికీ కనపడదు.
ఈ మాట ముందే ఎవరన్నా చెప్పి ఉంటే
చీటీ పాట పాడేముందు ఒక చుక్క,
కత్తి అందుకునేముందు ఒక చుక్క,
"నీ మంచికే చెప్తున్నా" అనే ప్రతి నోటికీ
చెవి వెనకే ఒక చుక్క.

సూపర్‌వైజరు రబ్బరు గ్లౌజులిచ్చినాడు,
లోపల చెమటకు అవీ కొరికినాయి.
కింద నూలువి తొడిగి పైన రబ్బరువి తొడిగితే
"నాలుగు చేతులతో కోస్తాండావే" అని నవ్వినారు.
వారం తిరక్కుండానే రెడ్డెమ్మక్క గొంతు తగ్గించి
"ఆ నూలువి యాడ దొరికె మే?"

తొమ్మిదో రోజు రాత్రి నిద్రలో గోకినాను.
మళ్ళీ ఒకటి నుంచి లెక్క.

నిన్న గ్రీమ్స్‌పేటలో వాన పట్టుకుంది.
గొడుగు లేదు.
ముఖమంతా తడిసి, భయంతో నిలబడి
ఒకటి, రెండు అని పది దాకా లెక్కపెట్టినాను.
షాపులోంచి ఫిరోజా కేకేసింది,
"ఎట్లుండాది అక్కా?"

"ఏం లేదు" అన్నాను.
మంట లేదు, దురద లేదు,
టీవీ పిల్ల మెరుపూ లేదు.
ఏం లేదు.
ఇన్నాళ్ళకు నా ముఖం
నాకు గుర్తు రాకుండా ఉంది.