రేకు తీసే చెయ్యి

హైదరాబాదు నుంచి రిపోర్టు వచ్చి నాలుగు రోజులైంది.
పాల ప్యాకెట్ల కవర్లో మడిచి తెచ్చింది వీరవేణి,
రావులపాలెం కాలేజీలో నేను జంతుశాస్త్రం చెబుతానని.
"డాక్టరుగారు చెప్పారండి. తల ఊపాను.
ఏం ఊపానో మీరు చెప్పండి మేష్టారూ."

లోవకుమారికి పదిహేనేళ్ళు.
మోచేతులు పూర్తిగా చాపలేదు.
లొల్ల లాకుల గట్టు మీద మునివేళ్ళతో నడుస్తుంటే
కొన్నాళ్ళు వయ్యారం అనుకున్నారు,
మడమలు నేలకి ఆనవని తెలిసేదాకా.
మొన్న మే నెలలో బడి మెట్ల మీద
గుండె ఒక దెబ్బ మర్చిపోయింది.

మర్నాడు ఆత్రేయపురం వెళ్ళాను.
బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకు మంట,
పల్చటి జయ బియ్యం పిండిలో ముంచిన గుడ్డ.
ఒక్కసారి అలా పరిచి లాగుతుంది,
కుండ మీద తెల్లటి పొర లేస్తుంది,
ఊపిరి తగిలితే కదిలేంత.

అక్కడే చెప్పాను:
ఒంట్లో ప్రతి కణంలోనూ ఇలాంటి కుండ ఒకటుందమ్మా.
నిన్నూ లోవనీ రాసిన దారం ఉండ చుట్టి అందులో ఉంటుంది.
కుండ గోడకి లోపలివైపు ఒక రేకు, లామిన్ అంటారు,
నీ రేకుని వెయ్యి పొరలు చేస్తే అందులో ఒకటి.
బరువు పడే చోట మందం,
ఎముకలో, కండలో,
నీ అరచేతిలో కాయ కాసినట్టు.
మెదడులో పలచన, అక్కడ లాగుళ్ళు లేవు.
నెత్తుట్లో కాపలా తిరిగే తెల్ల కణాలకి మరీ పలచన,
పిల్లకాలువ తూములో పాము దూరినట్టు
అవి సందుల్లో దూరాలి.

"లోవకో?"

లోవకి ఆ రేకు రాసిన చోట ఒక్క అక్షరం మారింది.
రేకు పడుతుంది. పట్టు ఉండదు.
కండ లాగినప్పుడల్లా కుండకి బుడిపె లేస్తుంది,
ఒక్కోసారి చిట్లుతుంది,
లోపలి దారం బయటికి పొక్కుతుంది.
గుండె రోజుకి లక్షసార్లు లాగుతుంది.

చేతిలో రేకు చిరిగింది.
"చిరిగితే గుడ్డదా తప్పు, మంటదా, పిండిదా అని చూస్తామండి.
పిండి కలిపింది నేనేగా?"

నీలో లేదు, వాళ్ళ నాన్నలోనూ లేదు, ఇక్కడ రాశారు చూడు.
రాతలో జారింది. ఎవరి చెయ్యీ కాదు.

ఏదో ఓదార్పు వెతుక్కుంటూ అడిగాను,
చిరిగిన రేకులు పారేస్తావా?
"లేదండి. లోపల పెట్టి, పైన మంచి రేకు చుడతాం,
కొన్నవాళ్ళకి తెలీదు."
మంట ఎగదోసి, నా వైపు చూడకుండా,
"పిల్లని దేంతో చుట్టమంటారు?"

ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పాను.
గుండెకి చిన్న బ్యాటరీ పెడతారు, అన్నాను.
అది రేకుని బాగుచెయ్యదు,
దెబ్బ మర్చిపోకుండా గుర్తుచేస్తుంది.
"అంతేనా?"
ఇప్పటికి అంతే.

లోవ బడి నుంచి వచ్చింది,
సంచీ దించి తల్లిని పక్కకి జరగమంది.
రేకు తియ్యడానికి చెయ్యి చాపక్కర్లేదు,
వంగిన మోచెయ్యి కుండ వంపుకి సరిపోయింది.
అంచు గోటితో లేపి, ఆవిరి ఆరేలోపు,
ఒక్క చీలిక లేకుండా తీసి వెలుతురుకి పెట్టింది.
అవతల తాటాకు, సైకిలు, వాళ్ళ అమ్మ మొహం
మసగ్గా కనిపించాయి.

"మీ కాలేజీలో ఆ రేకు చూపిస్తారా మేష్టారూ?"
మా మైక్రోస్కోపు పాతదమ్మా.
బుగ్గ లోపల గీరి రంగు వేస్తే కుండ కనిపిస్తుంది.
రేకు కనిపించదు.

ఆలోచించింది.
"శనివారం వస్తాను," అంది,
"నా కుండే చూస్తాను."