చింత లేని గడి

మే నెల. కీమ్ కొండ మీద రాతిబల్ల.
ముయిరిన్ చేతిలో దుర్భిణి, నా ఒళ్ళో ఫారం.
రెండే గళ్ళు మావి:
పెద్ద సొరకొకటి, చిన్న సొరకొకటి.

పెద్దది ఇంకా రాలేదు.
మా నాన్న ఫెస్టస్ ఉంటే
నీటి రంగు చూసి చెప్పేవాడు, వస్తుందో రాదో.
తెరచాపల జంతువు అనేవాళ్ళు దాన్ని.
నల్ల రెక్క నీళ్ళమీద నిలబెట్టుకుని
దారి అడగడానికొచ్చిన పడవలా
నిదానంగా, మరీ నిదానంగా వచ్చేది.
పిల్లాడు నిలబడగలిగేంత నోరు.
ఆ నోటితో తినేదేమో
కంటికానని నీటి నలుసులు.
కరవడం తెలియదు దానికి.
వల తగిలితే, తప్పు తనదే అన్నట్టు ఆగిపోయేది.

బల్లెం ఎక్కడ దించాలో నాన్నకి తెలుసు.
దించాక, ఇల్లు చేరేదాకా
ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.
కావలసింది కాలేయం ఒక్కటే.
నూనె పీపాలకెక్కి ఎటో పోయేది,
మిగతాది రేవు మీద.
ఆ కంపు అమ్మ జడలోకి, రొట్టెలోకి,
ఆదివారం ప్రార్థనలోకి.
ఆ డబ్బుతోనే నాకు మొదటి బూట్లు.
ఇది రాయడానికి ఫారంలో గడి లేదు.

ఒక వేసవి ఎదురుచూశారు. రాలేదు.
మరుసటి వేసవీ అంతే.
వల ఎండబెట్టి, మడిచి, అటకెక్కించి
"అలిగాయి" అన్నాడు నాన్న.
చేపలు అలుగుతాయా అని
ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

చిన్నదాని సంగతి వేరు.
మచ్చల సొర. మూరెడు, మహా అయితే మూరన్నర.
ఒళ్ళంతా గరుకు: తాతయ్య దాని తోలుతో
తెడ్లు నున్నగా రుద్దేవాడట.
పీతల బుట్టలో ఎర కోసం దూరి
తోక మొహానికి అడ్డం చుట్టుకుని
సిగ్గుపడ్డ కొత్తకోడలిలా పడుంటుంది.
తిట్టి, ఎత్తి, నీళ్ళలోకి విసిరేస్తాం.
రేపు మళ్ళీ అదే బుట్ట, బహుశా అదే సొర.
నూనె లేదు, ధర లేదు, కథ లేదు.
దాని ఖాళీ గుడ్డుసంచి ఒడ్డుకి కొట్టుకొస్తే
బడిపిల్లలు జేబులో వేసుకుంటారు.

ఫారం వెనక అచ్చేశారు.
పెద్దదాని ఎదుట: అంతరించే ప్రమాదం.
చిన్నదాని ఎదుట: పెద్దగా చింత లేదు.
ముయిరిన్ పైకి చదివి పకపకా నవ్వింది.
"అమ్మమ్మా, ఆ రెండోది
నా బడి పుస్తకం మీద కూడా రాయించవూ!"
నేనూ నవ్వబోయాను.
నా బూట్లనాడు అడిగుంటే
పెద్దదాని ఎదుట కూడా ఊరంతా
ఆ మాటే రాసుండేది.

"మూడు! మూడున్నాయి!"
దుర్భిణి వణికింది దాని చేతుల్లో.
చూశాను. ముక్కు, వెనకాల రెక్క,
ఆ వెనకాల తోక కొస.
"కాదు తల్లీ, ఒకటే.
మూడు చోట్ల తేలుతుంది, అంత పొడుగు."

ఒకటి అని రాశాను.
ముయిరిన్ మొహం చిన్నబోయింది.
రెక్క మునిగిపోయాక కూడా
మిగతా రెండూ ఏవని
నీళ్ళవైపే చూస్తూ కూర్చుంది.