పదిహేడో అంతస్తు

లిఫ్టు ఉండాల్సిన చోట
నిలువునా చీకటి.
ఫోను వెలుగులో మెట్లెక్కుతున్నాం,
హావ్‌రన్ ముందు, నేను వెనక.
తొమ్మిదో అంతస్తులో ఆయాసంతో ఆగిపోతే
"ఇంకెంత, మన ఇల్లేగా" అన్నాడు.

మన ఇల్లే.
తలుపు లేదు, కిటికీల్లేవు, గోడలకి సున్నం లేదు.
వాయిదా మాత్రం ప్రతి నెలా ఇరవయ్యో తారీఖున
తలుపు తట్టకుండానే లోపలికొస్తుంది.
బిల్డరు ఊరొదిలి మూడేళ్లు.
జెంగ్‌జౌ మీదికి క్రేను మెడ చాచుకునే ఉంది,
ఎవరో మాట మధ్యలో లేచిపోయినట్టు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు.
మాకు మొదటిది అయితేగానీ రెండోది లేదు.
ఆ షరతు ఎవరు పెట్టారో తెలీదు,
అమ్మని అడిగితే నేనా అంది.
అమ్మకి ముట్టాల్సిన ఓలి డబ్బూ
ఈ సిమెంటులోనే కలిసిపోయింది.

హావ్‌రన్ జేబులోంచి సుద్దముక్క తీసి
నేల మీద గీశాడు.
ఇక్కడ మంచం. ఇక్కడ పొయ్యి.
ఇక్కడ మా నాన్న, మోకాళ్ల ఆపరేషనయ్యాక.
పక్కన మీ నాన్న.
మీ అమ్మ. మా అమ్మ.
నలుగురికీ చోటు తీసేసరికి
మాకు గుమ్మం మిగిలింది.

అతనికి తోబుట్టువుల్లేరు. నాకూ లేరు.
నాకు ఒకసారి ఉండబోయారు.
నాలుగేళ్లప్పుడు, వీధి కమిటీ ఆవిడ వచ్చి
అమ్మని చెయ్యి పట్టుకుని మెల్లగా తీసుకెళ్లింది.
సాయంత్రం అమ్మ ఒక్కతే తిరిగొచ్చింది.
వెళ్లిందీ ఒక్కతేగా, అనుకున్నాను అప్పుడు.

మొన్న అదే కమిటీ నుంచి ఫోను.
కొత్త గొంతు, బోలెడు మర్యాద.
"చెల్లెమ్మా, పెళ్లెప్పుడు?
పిల్లల సంగతి ఏమైనా అనుకున్నారా?"
పళ్ల ల్యాబులో ఉన్నాను,
ఎవరిదో పింగాణీ దవడపన్ను చేతిలో.
"సరిపోయేదాకా అరగదీస్తున్నా" అన్నాను.
ఆవిడ ఏదో రాసుకుంది.
పెన్ను చప్పుడు వినిపించింది.

మా సహోద్యోగి యున్‌షూ అసలు పెళ్లే వద్దంటుంది,
పిల్లిని పెంచుకుంటుంది, హాయిగా నిద్రపోతుంది.
ఆమెను చూసి అసూయపడ్డ రోజులున్నాయి,
జాలిపడ్డ ఆదివారాలూ ఉన్నాయి.

ప్రేమ లేదా అంటే,
తొమ్మిదో అంతస్తులో నా సంచి
అడక్కుండానే అందుకున్నాడు. అంతవరకు తెలుసు.

ఇంతలో గాలివాన
కిటికీ ఉండాల్సిన చోటు నుంచి
ఏటవాలుగా లోపలికొచ్చింది.
పొయ్యి కరిగింది. నాన్నలిద్దరూ కరిగారు.
మంచం తడవకుండా
ఇద్దరం అడ్డంగా నిలబడ్డాం,
అది ఉత్త సుద్దగీతని తెలిసి కూడా,
వీపులు తడిసి ముద్దయ్యేదాకా.