సూదీ, త్రాసూ

థండర్ బే ఊరి చివర, మూతపడ్డ కాగితం మిల్లు వెనక,
అక్టోబరు ఆదివారం, ఉదయం ఎనిమిది.
పెయింట్‌బాల్ మైదానం మీద ఇంకా ఎండ పడలేదు.
నాదొక రేకుల షెడ్డు. నా పని గాలి అమ్మడం.

నవ్వకండి, నిజంగా గాలే.
గోడ అవతల కంప్రెసర్ దగ్గుతుంటుంది.
సరస్సు తడి, బర్చ్ కట్టెల పొగ
వడపోతలో పోగా మిగిలిన ఈ ఊరి గాలిని
సీసాలోకి కుక్కి కుక్కి పంపుతాను.
సూది నాలుగు వేల అయిదొందలు దాటకుండా చూస్తాను.
పక్కనే ఇంకో పెద్ద సిలిండర్,
బీరు దుకాణాలకి వెళ్ళే కార్బన్ డయాక్సైడే.
దాన్ని మాత్రం తూకానికి అమ్ముతాను.

కోలెట్‌కి పదహారేళ్ళు.
వేసవంతా కార్లు కడిగి దాచుకున్న నోట్లు
బల్ల మీద పరిచి, "ఏది కొనను?" అంది.
కొట్లోవాళ్ళయితే ఖరీదైంది చూపిస్తారు.
నేను కిటికీ తెరిచి చలిని చూపించాను.

చూడమ్మా,
కార్బన్ డయాక్సైడ్ లోపల నీళ్ళలా పడుకుని ఉంటుంది.
కాల్చినప్పుడల్లా లేచి ఆవిరవ్వాలి,
లేవడానికి కావాల్సిన వేడి
సీసా ఒంట్లోంచే లాక్కుంటుంది.
ఎండకి పొంగుతుంది, మంచుకి ముడుచుకుంటుంది,
పూటకో మాట.
తొందరపెట్టావా, మంచు కక్కుతుంది,
లోపలి రబ్బరు వలయాలు పాడవుతాయి.
గాలి సీసాకి మెడలో రెగ్యులేటరుంది,
నిండుగా ఉన్నా, అడుగంటబోతున్నా
బయటికొచ్చే ఒత్తిడి ఒక్కటే.
కానీ ధర మూడింతలు.
అయిదేళ్ళకోసారి పరీక్ష రెండింటికీ తప్పదు,
ఈ కార్బన్ ఫైబర్ దానికి పదిహేనేళ్ళకే ఆయువు చెల్లు.
జాతకం భుజం మీదే రాసుంటుంది.

అప్పుడే వచ్చాడు వైనో,
మిల్లులో ముప్ఫై ఏళ్ళు గుజ్జు ఉడికించిన చేతులతో.
అతని సీసా కోటు లోపల, చంకలో,
కోడి గుడ్డుని పొదిగినట్టు.
"నేర్పుతున్నావా ఐలా, నా మీద చాడీలు?"

మొదటి ఆట. మైనస్ నాలుగు.
వైనో మూడు బంతులు బాగానే కాల్చాడు,
నాలుగోది పది అడుగుల్లో గడ్డి మీద కూలబడింది.
మార్కర్ మూతి నుంచి తెల్లటి పొగ,
ఎవరో అలిగి తలుపేసుకున్నట్టు.
పీపాల వెనక నుంచి కోలెట్,
నేను అద్దెకిచ్చిన గాలితో,
అతని ముసుగు అద్దమంతా పసుపు పూసింది.
చేతులెత్తి బయటికొస్తూ
దగ్గొచ్చేదాకా నవ్వాడు.

మధ్యాహ్నం నా కంప్రెసర్ బెల్టు తెగింది.
ఆదివారం. విడిభాగం రేపటిదాకా రాదు.
గాలి సీసాలు వరసగా నిలబడ్డాయి,
మెడల్లో నగలు, కడుపులో ఏమీ లేదు.
వైనో తన పికప్ వెనక తలుపు దించాడు.
కంబళిలో చుట్టి ఏడు సీసాలు.
"ఎండొచ్చిందిగా, తీసుకోండి.
ఒక్కో బంతే. ఊపిరి పీల్చుకుని మరోటి."
ఎలక్ట్రానిక్ మార్కర్లకి ఆ తిండి పడదు.
అవి పట్టుకున్న కుర్రాళ్ళు కంచె మీద వాలి చూశారు.
మిగిలినవాళ్ళు చీకటి పడేదాకా ఆడారు,
ఎన్నేళ్ళకో నెమ్మదిగా,
కాల్చేముందు చెట్టునీ మనిషినీ వేరుగా చూస్తూ.

అయినా కోలెట్ గాలి సీసాయే కొంది.
కొనమన్నది నేనే, ఇప్పటికీ అదే అంటాను.
కొత్త సీసా భుజం మీది తేదీని
వైనో బొటనవేలితో తడిమి పైకి చదివాడు.
పదిహేనేళ్ళ అవతలి సంవత్సరం.
పెదాలు కదిలాయి, ఏదో కూడుకుంటున్నట్టు.
ఏమీ అనలేదు.

తన సీసా తెచ్చి త్రాసు మీద పెట్టాడు.
దానికి సూది ఉండదు,
ఎంత మిగిలిందో తూచితే గానీ తెలీదు.
"ఎంతుంది ఐలా?"
అంకె చూశాను. నోరు తెరిచాను.
"వద్దులే," అన్నాడు. "నింపు."

నింపేముందు కొంచెం వదలాలి, సీసా చల్లబడాలి,
చల్లబడితే గానీ లోపలికి పట్టదు.
అంతసేపూ వైనో చేతి తొడుగులు తీసి
కంప్రెసర్ లేని నిశ్శబ్దంలో
కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుతూ నిలబడ్డాడు,
చంకలో చోటు చేసుకుంటూ.